మనోవర్తి ఆర్డరు ఉంది, డబ్బులు రావట్లేదు. ఏడాది దాటాక ఒకేసారి వేయొచ్చా?

పల్నాడు_అమ్మ:
అందరికీ నమస్కారం. మా ఊరి కోర్టులో మనోవర్తి ఆర్డరు వచ్చి పదకొండో నెల నడుస్తోంది. నాకు 8,000, బాబుకి 4,000, అదీ పిటిషన్ వేసిన తేదీ నుంచి లెక్కగట్టి ఇవ్వాలని రాశారు. మొదటి రెండు నెలలు బ్యాంకులో వేశాడు, తర్వాత ఆపేశాడు, పాత బకాయి అయితే ఒక్క రూపాయి ఇవ్వలేదు. పండక్కో, బడి తెరిచినప్పుడో ఫోన్‌పేలో 2,000 వేసి కింద 'బాబు ఫీజు' అని రాస్తాడు, అంతే. ఆయన హైదరాబాద్‌లో ప్రైవేటు కంపెనీలో ఉద్యోగం, జీతం బాగానే వస్తుంది. అడిగితే 'హైకోర్టుకి వెళ్లాను, అక్కడ తేలేదాకా ఇవ్వను, కావాలంటే జైల్లో వేయించు, నెల రోజులు ఉండొస్తే లెక్క సరిపోతుంది' అంటున్నాడు. మా లాయరు గారేమో ఇంకో ఐదారు నెలలు ఆగి మొత్తం కలిపి వేద్దాం, ఊరికే చిన్న చిన్న పిటిషన్లు ఎందుకు అంటున్నారు. నాన్న పింఛను మీద నలుగురం బతుకుతున్నాం, బాబు స్కూల్లో ఫీజు కోసం రోజూ అడుగుతున్నారు. ఆగాలా, ఇప్పుడే వేయాలా? నిజంగా నెల జైలుకి వెళ్తే బాకీ పోతుందా?

కోర్టు_హాలు:
అమ్మా, ఆగకండి. ఈ వారంలోనే వేయించండి. పాత సీఆర్‌పీసీ (క్రిమినల్ కోర్టుల పద్ధతి చెప్పే చట్టం) 125(3), ఇప్పుడు దాని బదులు 2024 జులై 1 నుంచి వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్‌లో 144(3), సెక్షన్ నంబరు మారింది గానీ లోపలి మాట అదే: బకాయి ఏ రోజున ఇవ్వాల్సి వచ్చిందో ఆ రోజు నుంచి ఏడాది లోపల దరఖాస్తు చేస్తేనే మెజిస్ట్రేటు దాని మీద వారెంటు ఇవ్వగలరు. మీకు ఇప్పుడు పదకొండో నెల, అంటే పిటిషన్ తేదీ నుంచి ఆర్డరు దాకా ఉన్న పెద్ద మొత్తమే ముందు ప్రమాదంలో పడుతుంది. ఐదారు నెలలు ఆగితే ఎదుటి లాయరు లేచి మొదట చెప్పేది ఇదే. ఏడాది దాటితే హక్కే పోతుందని కాదు, సివిల్ పద్ధతిలో వసూలు చేసుకోవచ్చని పూంగోడి కేసులో 2013లో సుప్రీంకోర్టు చెప్పింది, కానీ వారెంటు భయం ఉన్న దారిని వదులుకుని పొడుగు దారి పట్టడం దేనికి? ఇప్పుడు ఒకటి వేసేస్తే, అది నడుస్తుండగా పడే నెలలని కూడా అందులోనే అడగొచ్చని అదే తీర్పులో ఉంది.

జైలు సంగతి. నెల రోజులు ఉండొస్తే బాకీ తీరిపోతుందనేది చాలామంది మగవాళ్లు ఒకరికొకరు చెప్పుకునే మాట, అది తప్పు. 1989లోనే కుల్దీప్ కౌర్ కేసులో సుప్రీంకోర్టు తేల్చేసింది, జైలు అనేది కట్టించడానికి ఒక ఒత్తిడి మాత్రమే, కట్టినట్టు కాదు. బయటికొచ్చాక కూడా ఆ డబ్బు అంతా ఇవ్వాల్సిందే. చట్టంలో నెల దాకా అని ఉంది, ఒక పిటిషన్ మీద మొత్తం ఎన్నాళ్లు పంపొచ్చనే దాని మీద మాత్రం కోర్టులు ఒకేలా చెప్పలేదు.

హైకోర్టులో రివిజన్ (ఆర్డరుని మళ్లీ పరిశీలించమనే పిటిషన్) వేయడం వేరు, స్టే (ఆర్డరుని ఆపే ఉత్తర్వు) రావడం వేరు. స్టే కాగితం చూపించమనండి. లేకపోతే ఆర్డరు అమల్లో ఉన్నట్టే.

మా_అక్క_కేసు:
పైన చెప్పినదంతా నిజమే గానీ అసలు నలిగేది వారెంటు దగ్గర. మా అక్కకి వారెంటు ఇచ్చారు, స్టేషన్ నుంచి 'ఇంట్లో లేడు, ఆచూకీ తెలియలేదు' అని రాసి తిప్పి పంపించారు, మళ్లీ వాయిదా, మళ్లీ అదే. తీరా చూస్తే పిటిషన్‌లో ఉన్నది బావగారు ఎప్పుడో ఖాళీ చేసిన అద్దింటి చిరునామా. తర్వాత మేమే కూర్చుని ఇప్పటి ఇల్లు, పక్కన గుడి ఉందని గుర్తు, బండి నంబరు, ఆఫీసు చిరునామా, ఏ షిఫ్టో, ఎన్నింటికి బయల్దేరతాడో అన్నీ రాసి లాయరు చేత మెమో వేయించాం. అప్పుడు దొరికాడు. పోలీసులు ఇంటికొచ్చిన సాయంత్రమే వాళ్ల నాన్న ఫోన్ చేసి సగం కడతాం అన్నాడు. మనిషిని చూపించే పని మనమే చేసుకోవాలమ్మా, బాధగా ఉన్నా అదే జరుగుతోంది.

ఇంకొకటి, ఆ ఫోన్‌పే 2,000లు దాచొద్దు. నెల, రావాల్సింది, వచ్చింది, మిగిలింది అని కాగితం మీద గీసి, పాస్‌బుక్ ఎంట్రీలు జత చేయండి. మీరు దాచారని తేలిందంటే మిగతా లెక్క అంతా అబద్ధమని వాదిస్తారు.

జీతాల_సెక్షన్:
నేను ఒక కంపెనీలో జీతాల లెక్కలు చూస్తాను, అందుకని ఈ వైపు చెప్తాను. మాకు కోర్టు నుంచి అటాచ్‌మెంట్ ఆర్డరు, అంటే జీతంలోంచి పట్టుకోమనే ఉత్తర్వు, వస్తే ఉద్యోగి వద్దన్నా ఆపలేం, కోసి కోర్టుకి కట్టాల్సిందే. మామూలు అప్పుల డిక్రీలో (సివిల్ కోర్టు తీర్పులో) జీతంలో కొంతే పట్టుకోనిస్తారు, మనోవర్తి డిక్రీకి మాత్రం సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 60 ప్రకారం మూడో వంతు వదిలి మిగతా రెండు వంతుల దాకా పట్టొచ్చు. మనోవర్తి ఆర్డరుని సివిల్ డిక్రీలాగే అమలు చేయొచ్చని 2020 నవంబరు 4న రజనేష్ వర్సెస్ నేహా తీర్పులో సుప్రీంకోర్టు చెప్పింది. మీ లాయరుని ఆ తీర్పు పట్టుకెళ్లమనండి. ఒక చిక్కు ఉంది: ప్రైవేటు ఉద్యోగి అయితే జీతం ఇచ్చే ఆఫీసు ఏ కోర్టు పరిధిలో ఉంటే అక్కడి నుంచే అటాచ్‌మెంట్ రావాలి. గవర్నమెంటు ఉద్యోగికి ఆ అడ్డు లేదు.

పల్నాడు_అమ్మ:
అందరికీ చాలా థాంక్స్ అండి, చదువుతుంటే ఏడుపొచ్చింది, ఇన్నాళ్లూ ఎవరూ ఇంత వివరంగా చెప్పలేదు. రెండు సందేహాలు. ఆయన హైదరాబాద్‌లో, ఆర్డరు ఇక్కడిది, మరి అక్కడ మళ్లీ కొత్తగా కేసు వేయాలా? ఇంకొకటి, జీతం పట్టుకుంటే ఉద్యోగం మానేస్తాను అంటున్నాడు.

కోర్టు_హాలు:
కొత్త కేసు అక్కర్లేదు. పాత సీఆర్‌పీసీ 128, ఇప్పటి బీఎన్‌ఎస్‌ఎస్ 147 ప్రకారం ఆయన ఎక్కడుంటే అక్కడి మెజిస్ట్రేటు దగ్గర ఇదే ఆర్డరు అమలు చేయించుకోవచ్చు, ఆర్డరు కాపీ మీకు ఉచితంగా ఇవ్వాలి. ముందు ఏడాది గడువు తప్పకుండా మీ కోర్టులోనే వేసేయండి, హైదరాబాద్ సంగతి ఆ వెనక చూద్దురు.

ఉద్యోగం మానేస్తాననే బెదిరింపు మేం రోజూ వింటాం. ఒళ్లు బాగున్న మనిషి కూలి పని చేసైనా భార్యాపిల్లల్ని పోషించాలని 2022లో అంజు గార్గ్ కేసులో సుప్రీంకోర్టు అంది. నిజంగా ఆదాయం తగ్గితే ఆర్డరు మార్చమని ఆయనే పిటిషన్ వేసుకోవాలి, అది మారేదాకా 12,000 పడుతూనే ఉంటుంది. ఇవాళే ఆయన ఆఫీసు ఐడీ కార్డో, పాత పేస్లిప్పో, కంపెనీ చిరునామా ఉన్న కాగితం ఏదైనా ఉంటే తీసి పెట్టుకోండి, మానేశాక ఇవి దొరకవు.

మీ లాయరు గారు ఇంకా ఆగుదామంటే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకి వెళ్లండి, మీ కోర్టు ఆవరణలోనే ఎవరినడిగినా చూపిస్తారు. ఆడవాళ్లకి ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయరుని ఇస్తారు. ఫోన్‌లో అడగాలంటే 15100. వెళ్లేటప్పుడు ఆర్డరు కాపీ, పాస్‌బుక్, మీ ఆధార్ పట్టుకెళ్లండి, గడువు దగ్గర పడిందని మొదటి మాటగా చెప్పండి.