శాటిలైట్ ఫొటోల్లో ఇళ్ళు పొలాలైపోతున్నాయి, ఎక్కడ తప్పు చేశా?

పిక్సెల్_పిచ్చి:
అందరికీ నమస్తే. ఒక శివారు ఊరు ముప్పై ఏళ్ళలో ఎలా మారిందో చూపించే ప్రాజెక్టు చేస్తున్నా. 1995 నాటి ల్యాండ్‌శాట్ 5 శాటిలైట్ ఫొటో ఒకటి, 2024 ల్యాండ్‌శాట్ 8 ఫొటో ఒకటి తీసుకుని క్యూజీఐఎస్ అనే మ్యాప్ సాఫ్ట్‌వేర్‌లో క్లాసిఫై చేస్తే (ఏ పిక్సెల్ కట్టడం, ఏది పొలం అని విడగొడితే) 1995లోనే సగం ఊరు కట్టడాలని వచ్చింది, పైగా వాటిల్లో చాలా వరకు ఇప్పుడు పొలాలంట! ఇళ్ళు పీకేసి ఎవరైనా దున్నుతారా? కట్టడాల్ని గుర్తించడానికి వాడే ఎన్‌డీబీఐ సూచిక వేసి చూసినా అదే కథ. వచ్చే వారం గైడ్‌కి చూపించాలి, కాస్త చెప్పండి ప్లీజ్.

దుక్కి_దుమ్ము:
1995 ఫొటో ఎండాకాలందే అయ్యుంటుంది, మబ్బుల్లేవని అదే తీసుకునుంటారు, అందరం చేసే పనే. కోతలయ్యాక ఎండిపోయిన పొలం, కాంక్రీటు రెండూ ఎన్‌డీబీఐలో ఇంచుమించు ఒకేలా మెరుస్తాయి. అది చూసేది కంటికి కనపడని రెండు రకాల వెలుగులకి, అంటే షార్ట్‌వేవ్ ఇన్‌ఫ్రారెడ్‌కీ నియర్ ఇన్‌ఫ్రారెడ్‌కీ, ఉన్న తేడానే, తడీ పచ్చదనం లేని మట్టిలో కూడా ఆ తేడా అలాగే వస్తుంది. పైరు మీదున్న నెలది ఇంకో ఫొటో తెచ్చి పక్కన పెట్టండి. పొలమైతే ఏదో ఒక నెలలో పచ్చబడుతుంది, డాబా పచ్చబడదు కదా 😀

గొలుసు_సర్వే:
పైన చెప్పింది నిజమే కానీ రెండిట్లోనూ బోడిగా ఉన్నదంతా కట్టడం అనుకుంటే మళ్ళీ బోల్తా పడతారు. శివారులో పొలం నేరుగా ఇల్లవదండి. ముందు సాగు ఆగుతుంది, తర్వాత హద్దురాళ్ళు, గళ్ళుగళ్ళుగా మట్టిరోడ్లు, ఆ పైన ఏళ్ళ తరబడి తుప్పలే, ఆఖర్న ఎక్కడో మూల ఒక ఇల్లు లేస్తుంది. రెండే ఫొటోలు పెట్టి లెక్క కడితే ఈ మధ్య దశ మొత్తం ఎగిరిపోతుంది, నన్నడిగితే అసలు మార్పు జరిగేదే అక్కడ. ఐదేళ్ళకొకటి చొప్పున తీయండి. 2003 మే తర్వాతి ల్యాండ్‌శాట్ 7 జోలికి మాత్రం పోకండి, అందులో స్కాన్ లైన్ కరెక్టర్ అనే భాగం పాడై ఫొటోల నిండా చారలే, 2011 దాకా ల్యాండ్‌శాట్ 5తో లాగించేయొచ్చు. ఇంకోటి, మీ పిక్సెల్ 30 మీటర్లది, అంటే 900 చదరపు మీటర్లు, అందులో ఒక ఇల్లు, రెండు ఖాళీ ప్లాట్లు, ఒక వేపచెట్టు ఉంటే దాన్ని ఏమంటారు? అనుమానమున్న చోట్ల గూగుల్ ఎర్త్ పాత ఫొటోల్లో చూసుకోండి. 2015 తర్వాతవైతే సెంటినెల్-2 శాటిలైట్ ఉంది, దాని పిక్సెల్ 10 మీటర్లే.

నీడపట్టున:
పాత కాలనీలు పచ్చబడతాయన్న సంగతి కూడా మర్చిపోకండి. మా ప్రాజెక్టులో ఇరవై ఏళ్ళ కాలనీ ఒకటి ఏకంగా తోట కింద వచ్చింది, చూస్తే వీధి చెట్లు పెరిగి కప్పుల్ని కప్పేశాయి. ఒకసారి కట్టడం అయింది మళ్ళీ పొలం అవ్వదని రూల్ పెట్టుకున్నాం, సగం గోల తగ్గింది. ఇక ఇంటి ముందుగది షాపుగా మారడం లాంటివి ఏ శాటిలైట్‌కీ అందవు, పైనుంచి చూస్తే కప్పు అదే. అది కావాలంటే వీధులెంట తిరగాల్సిందే.

పిక్సెల్_పిచ్చి:
థాంక్స్ అండీ అందరికీ. నిజంగానే ఎండాకాలందే! పైరు నెలది కూడా వేశాక 1995 కట్టడాలు రోడ్డు పక్కన సన్నటి గీతలా మిగిలాయి. మధ్య ఏళ్ళవి తీస్తే గళ్ళ రోడ్లు కూడా కనపడుతున్నాయి. ఆ ఖాళీలకి వేరే క్లాస్ పెడదామనుకుంటున్నా, ఏం పేరు పెట్టమంటారు?

గొలుసు_సర్వే:
‘సాగు ఆగిన భూమి’ అనండి. ‘ఖాళీ భూమి’ అంటే మీ గైడ్ బంజరుతో కలిపేస్తారు.