సమస్య: కాడి కిందను మురిసిరి ఘనులు కూడి

నిర్వాహకుడు:
ఈ పాదం నిఘంటువు పుణ్యం. ‘సబ్జుగేట్’ అన్న ఇంగ్లీషు క్రియ చూస్తున్నాను. లొంగదీయడం, పాదాక్రాంతం చేసుకోవడం సరే, పక్కనే లాటిన్ మూలం: ‘సుబ్’ అంటే కింద, ‘జుగుం’ అంటే కాడి. మెడ వంచి కాడి కిందికి తోయడమన్నమాట. ఇంగ్లీషులోకి 15వ శతాబ్దంలో చేరింది. మరి కాడి కింద మురిసేదెవరు? ఈ పాదమే చివరిదిగా పద్యం పూరించాలి, కానివ్వండి.

గురులఘువు:
ఇరుకు కనుమలోఁ జిక్కఁగా నెల్ల సేన
ఈటె లిరువంక నాటి పై నీటెఁ గట్టి
వంచి నడిపించి రోమను వారిఁ గేరి
కాడి కిందను – మురిసిరి ఘనులు కూడి

క్రీ.పూ. 321, ఇటలీలోని కౌడియం కనుమ. మురిసింది దూరినవాళ్లు కాదు, దూర్చిన సామ్నైట్లు, అంటే రోముతో తలపడిన ఇటలీ తెగవాళ్లు.

యతిమైత్రి:
విరుపు అమోఘం! ‘కాడి కిందను’ను పై పాదంలోని ‘నడిపించి’కి అంటగట్టి సమస్య నడుం విరిచారు. అయితే కాడికీ కౌడియానికీ శ్లేష అంత చేతికందేలా ఉంటే వదిలేశారా? శ్లేష కోసం గణాన్నైనా తాకట్టు పెట్టే మనిషి మీరు!

కందగర్వి:
మురిశారు సరే, ఎన్నాళ్లు? సామ్నైట్ల నాయకుడు పొంటియస్‌కి ముసలి తండ్రి చెప్పనే చెప్పాడు: అందరినీ గౌరవంగా వదిలెయ్, లేదా ఒక్కణ్ణీ మిగల్చకు. విన్నాడా? క్రీ.పూ. 290 నాటికి వాళ్లే రోముకు లొంగారు. ‘ఘనులు’ నిలవలేదు. నా పూరణ:

యుగము యోగమ్ము జుగముతో నొక్క కులమె
ఎద్దు మెడమీది మానిదే యిన్ని కథలు
లొంగఁ దీసిన దొరలెల్ల లోకములేలి
కాడి కిందను మురిసిరి ఘనులు కూడి

గురులఘువు:
మొదటి రెండు పాదాలు బంగారం. సంస్కృత యుగానికి కాడి అన్న అర్థం ఉందని ఎందరికి గుర్తుంటుంది? మూడోదే... ‘లోక’ దాకా వచ్చారు, ఆపైన ‘ములేలి’ జగణం (లఘువు, గురువు, లఘువు), ఈ ఛందస్సులో అక్కడ ఇమడదు. ‘లోకమేలి’ అంటే పోయేది. అన్నట్టు, లోకాలేలే దొరలు కాడి కింద ఎందుకున్నారు?

జోడెడ్లు:
పెండ్లి మాటకు లాటిను బీజమడుగ
జుగమె యని చెప్పి రిరువురు జోడు కట్టి
మెడను మోవక మనసుల మీఁద మోసి
కాడి కిందను మురిసిరి ఘనులు కూడి

దాంపత్యానికి ‘కాంజుగల్’ అంటారు కదా. అందులోనూ ఆ జుగమే.

యతిమైత్రి:
ఆహా! లొంగదీసే మాటలోంచి పెళ్లి తీశారు. నా ఓటు ఇక్కడే.

కందగర్వి:
నిదానం. కాంజుగల్ వెనక ఉన్నది ‘జుంగెరె’, కలపడం. జుగుం దానికి తోబుట్టువే గానీ తల్లి కాదు. ‘బీజమడుగ జుగమె’ అనడం అతి.

గురులఘువు:
వ్యుత్పత్తి పాఠం ఎవరు చెబుతున్నారు? మొన్నటి సమస్యలో ‘డామినేట్’ని దమనంలోంచి పుట్టించింది తమరే కదా! దమనానికి లాటిన్ చుట్టం ‘డొమారె’, మచ్చిక చేయడం. డామినేట్ వచ్చింది ‘డొమినుస్’, అంటే యజమాని నుంచి. ఆ యజమాని ‘డొముస్’ అనే ఇంటివాడు. మన ‘దంపతి’లోని ‘దం’ కూడా ఆ ఇల్లే. వేదంలో దంపతి అంటే ఇంటి యజమాని.

జోడెడ్లు:
అంటే పెత్తనమూ ఇంట్లోనే, పెళ్లీ ఇంట్లోనే. ఇంకో పద్యం రాసుకుంటా.

కందగర్వి:
దమనం ధ్వనిగా వాడాను, వ్యుత్పత్తిగా కాదు. ఆ పద్యం మళ్లీ చదవండి.

నిర్వాహకుడు:
చదివాం. ‘ములేలి’ మాత్రం ఇంకా అలాగే ఉంది, కందగర్వి గారూ.