ఒకే క్వార్ట్జ్ పొడి, అస్సేకో బంగారం లెక్క: ఎంత బరువు పంపాలి?

విశాఖలో జియాలజీ పీజీ ప్రాజెక్టు చేస్తున్నాను. శాంపిల్ జొన్నగిరి ఆర్కియన్ (250 కోట్ల ఏళ్లు దాటిన) శిలల పగుల్లో నిండిన జానెడు వెడల్పు క్వార్ట్జ్ వెయిన్‌ది. 2 కిలోలు పొడిచేయించి, 30 గ్రాముల చొప్పున మూడు ఫైర్ అస్సేలు (పొడిని కరిగించి బంగారం ఎంతుందో తేల్చే పరీక్ష) చేయిస్తే బంగారం టన్నుకు 0.6, 1.1, 14.2 గ్రాములు వచ్చాయి! ల్యాబ్ తప్పేమోనని ఇంకోచోట ఇచ్చాను: 0.4, 8.7. పొడిని బాగా కలిపి మళ్లీ చేయించినా తేడా తగ్గలేదు.

కొంచెం పొడి 75 మైక్రాన్ల జల్లెడ పట్టి, పైన మిగిలింది లెన్సులో చూశాను. రెండు పసుపు రేకులు. సూదితో నొక్కితే పొడి కాకుండా అణిగాయి, అంటే బంగారంలా మెరిసే పెళుసు ఖనిజం పైరైట్ కాదు, ముతక బంగారమే. ఒక్క రేకు పడ్డ చోటల్లా అంకె ఎగిరిపోతోంది కాబోలు. ఇంత తేడాకి సగటు తీసి రాయడానికి మనసొప్పట్లేదు.

ఇంకా కిలోన్నర పొడి ఉంది. స్క్రీన్ ఫైర్ అస్సేకి (జల్లెడ పట్టి ముతక, మెత్తటి భాగాలకు విడివిడిగా చేసే అస్సే) అందులో ఎంత పంపితే నమ్మదగ్గ అంకె వస్తుంది?