దిల్‌సుఖ్‌నగర్ పేలుళ్ల భయం ఇంకానా? ఇది అతి కాదా?

మూసీ_ఒడ్డు:
2013 ఫిబ్రవరి 21 సాయంత్రం మా బావ దిల్‌సుఖ్‌నగర్‌లో 107 బస్టాపు దగ్గరే ఉన్నాడు. ఒంటి మీద గీత పడలేదు. బాంబులు సైకిళ్లకు పెట్టారు కదా, ఇప్పటికీ స్టాండు వేసిన సైకిల్‌కి టిఫిన్ బాక్సు కనిపిస్తే రోడ్డు దాటి అవతలికి పోతాడు. 2007లో గోకుల్ చాట్‌లో అంతమంది పోయారు. మళ్లీ తెరిస్తే జనం వెళ్లలేదా?

కోఠీ_పిల్ల:
వెళ్లినవాళ్లంతా పేలుడు చూసినవాళ్లు కాదు కదండీ.

రిటైర్డ్_మాస్టారు:
పెద్ద దెబ్బ తగిలాక గుండె దడ, నిద్ర పట్టకపోవడం ఎవరికైనా మామూలే. చాలామంది కొన్ని వారాల్లో తేరుకుంటారు. ఇన్నేళ్లు పట్టుకు వేలాడితే అది మనోబలం లేకపోవడమే.

కోఠీ_పిల్ల:
మాస్టారూ, నెల దాటినా తగ్గకపోతే దాన్ని జబ్బు కిందే చూస్తారు. ఆ సైకిల్ కనబడగానే ఒళ్లు ముందు ఉలిక్కిపడుతుంది, బుద్ధి తర్వాత వస్తుంది. బలం మాటెక్కడిది?

చార్మినార్_చాయ్:
చెవిలో హోరు ఉందా ఆయనకి?

మూసీ_ఒడ్డు:
ఉందంటాడు. అదీ భ్రమేనేమో.

చార్మినార్_చాయ్:
భ్రమ ఎందుకవుతుంది? పేలుడు ఒత్తిడికి కర్ణభేరి చిరగొచ్చు, పైకి చుక్క రక్తం కనబడకపోవచ్చు. చిరుగు మానినా హోరు ఉండిపోవచ్చు.

రిటైర్డ్_మాస్టారు:
చెవికీ సైకిల్‌కీ ఏం సంబంధం?

కోఠీ_పిల్ల:
మూసీ గారూ, ఒకటడుగుతా. ఆయన రోడ్డు దాటితే మీకేం నష్టం? ఎందుకంత కోపం?

మూసీ_ఒడ్డు:
నష్టమా? బావ షాపు మూసి కూర్చున్నాడు. అక్క జీతం చాలక అద్దె నేను కడుతున్నా, మీరు కడతారా? గాయం లేదని పరిహారం జాబితాలో పేరే ఎక్కలేదు. 2025 ఏప్రిల్‌లో హైకోర్టు ఐదుగురి ఉరిశిక్షను ఖాయం చేసిన రోజు టీవీలో ఆ బస్టాపు చూపించారు. ఆ రాత్రంతా వంటగదిలో నేల మీద కూర్చున్నాడు. నాకు విసుగొచ్చి, 'కాలో చెయ్యో పోయుంటే మాకూ ఏదో ఒకటి వచ్చేది' అన్నాను. అప్పటినుంచి నాతో మాట్లాడడు.

కోఠీ_పిల్ల:
ఇది మొదటి పోస్టులో రాయాల్సింది.

రిటైర్డ్_మాస్టారు:
నేను అన్నది మీ బావగారి గురించి కాదు బాబూ, మామూలుగా అన్నాను.

చార్మినార్_చాయ్:
అవన్నీ సరే. చెవి ఎవరికైనా చూపించారా లేదా?