కులం పేరు చెప్పి క్లాసులో పిల్లల్ని లేపి నిలబెట్టాలా?

కృష్ణలంక_అమ్మ:
మా పాప ఇక్కడే సర్కారు హైస్కూల్లో తొమ్మిదో తరగతి. మొన్న స్కాలర్‌షిప్ ఫారాలకని మేడం వచ్చి "ఎస్సీలు లేవండి" అన్నారట, తర్వాత "ఎస్టీలు లేవండి" అన్నారట. రెండోసారి లేచింది ఒక్క పిల్లే. కరకట్ట మీద ఉండే యానాదుల అమ్మాయి, మా పాప పక్కనే కూర్చుంటుంది. యానాదులు ఎలుకలు పడతారని ఎగతాళిగా వెనక బెంచీ నుంచి ఎవడో "ఎలుకలు" అన్నాడు, క్లాసంతా నవ్వింది. నాలుగు రోజులైంది, ఆ పిల్ల బడికి రాలేదు. తప్పు కాదా ఇది?

మంగళగిరి_మాస్టారు:
అమ్మా, నేనూ జెడ్పీ స్కూల్లోనే పనిచేస్తున్నాను. కుల ధ్రువపత్రం, ఆదాయ ధ్రువపత్రం, ఆధార్, బ్యాంకు ఖాతా, వీటిలో ఎవరికి ఏది లేదో ఒక్కొక్కరినీ పక్కకు పిలిచి అడగాలంటే ఉన్న పీరియడ్ కాస్తా అయిపోతుంది. గడువు దాటితే నష్టపోయేది ఆ పిల్లలే. మందలించాల్సింది నవ్వినవాణ్ణి, మేడంని కాదు.

తెనాలి_వకీలు:
విద్యాహక్కు చట్టం 2009, సెక్షన్ 17 చూడండి. పిల్లల్ని కొట్టడమే కాదు, మానసికంగా వేధించడం కూడా నిషేధం.

మంగళగిరి_మాస్టారు:
ఆ చట్టం ఎనిమిదో తరగతి వరకే. ఈ పిల్ల తొమ్మిది.

తెనాలి_వకీలు:
అయితే తొమ్మిదికి వచ్చాక అవమానించొచ్చా?

మంగళగిరి_మాస్టారు:
నేనలా అనలేదు. చట్టం మీరే ఎత్తారు, అది వర్తించదన్నాను.

బ్రాడీపేట_4లైను:
ఈ గొడవంతా ఎందుకు, అసలు రిజిస్టర్లో కులం కాలమే తీసేయండి. బడిలో అందరూ పిల్లలే. మా అబ్బాయికి రెండు మార్కుల్లో సీటు పోయింది, వాడు మూడు రోజులు అన్నం తినలేదు. అప్పుడు మా గురించి ఎవరూ చర్చ పెట్టలేదు.

వినుకొండ_తండా:
కాలమ్ తీసేస్తే స్కాలర్‌షిప్పూ ఉండదు, హాస్టలూ ఉండదు. ఆ హాస్టల్ లేకపోతే నేను ఇవాళ ఇక్కడ రాస్తూ ఉండేవాణ్ణి కాదు. ఒకటో తరగతిలో చేరేనాటికి నాకు తెలుగు రాదు, ఇంట్లో మాది గోర్ బోలీ, అంటే బంజారా (లంబాడీ) భాష. దాహమేసి "పాణి" అంటే అయ్యవారికి అర్థం కాలేదు, మొద్దు అని గోడ పక్కన కూర్చోబెట్టారు. 2004లో ఉమ్మడి రాష్ట్రంలో ఎనిమిది గిరిజన భాషల్లో చదువు మొదలుపెట్టారు, అందులో మా బంజారా కూడా ఉంది. అప్పటికి నా చిన్న క్లాసులు అయిపోయాయి. కులం రాసుకోండి, వద్దనను. కేకేసి లేపొద్దు, అంతే.

కృష్ణలంక_అమ్మ:
నేనడిగేదీ అదే. కాగితం మడిచి పిల్ల చేతిలో పెట్టడానికి ఎంతసేపు పడుతుంది మాస్టారూ?

బ్రాడీపేట_4లైను:
మీరు సర్కారు బడిని వెనకేసుకొస్తున్నారు కానీ నేనూ మా చిన్నవాణ్ణి అక్కడే వేశాను, తీసేశాను కూడా. కట్ట పిల్లలు వచ్చి చేరాక ఇంట్లో ఒప్పుకోలేదు. స్నానాలుండవు, పెన్నులు పోతాయి, వాళ్ళతో ఒకే వరుసలో భోజనం. ఉన్నమాట చెబుతున్నా, తిట్టుకుంటే తిట్టుకోండి.

వినుకొండ_తండా:
ఇప్పుడు బయటికొచ్చింది అసలు మాట. అందరూ పిల్లలే అన్నది మీరే కదండీ. ఏ రిజిస్టరూ చూడకుండానే వాళ్ళెవరో మీకు తెలిసిపోయింది. కాలమ్ తీసేస్తే ఆ చూపు పోతుందా?

తెనాలి_వకీలు:
పెన్నులు పోతే యానాదుల మీదికేనా? బ్రిటిషువాళ్ళు కొన్ని కులాల్ని పుట్టుకతోనే నేరస్థులని చట్టం చేసి రాసిపెట్టారు, యానాదుల్లో కొందరినీ ఆ జాబితాలో వేశారు. ఆ చట్టం 1952లో రద్దయింది. మీ ఇంట్లో ఇంకా రద్దు కాలేదు.

బ్రాడీపేట_4లైను:
నా ఇంటి గురించి మాట్లాడొద్దు. ఇక నేను రాయను.

మంగళగిరి_మాస్టారు:
ఇక్కడ రాసినవన్నీ చదివాక ఒకటి ఒప్పుకోవాలనిపించింది. ఆఫీసు నుంచి వాట్సాప్‌లో రోజూ ఎన్ని ఫారాలయ్యాయని అడుగుతారు, ఆ టెన్షన్లో నేనూ పిల్లల్ని అలాగే లేపాను. ఎవరూ నవ్వలేదనే అనుకున్నాను. బోర్డు వైపు తిరిగి ఉన్నప్పుడు నవ్వారేమో తెలియదు. అయినా అమ్మా, ముందు ఆ ఫారం పని చూడండి, గడువు ఆగదు.

కృష్ణలంక_అమ్మ:
నిన్న సాయంత్రం పాపని తీసుకుని కట్ట మీదికి వెళ్ళాను. తండ్రి చేపలకి వెళ్ళాడట, తల్లి ఉంది. ఫారం ఇచ్చాను. దాన్ని తిరగేసి పట్టుకుని, "సంతకం పెడితే మళ్ళీ లేపుతారా అమ్మా?" అని అడిగింది. పిల్ల గుడిసె లోపలే ఉంది, బయటికి రాలేదు. కుల ధ్రువపత్రం కూడా లేదట, సోమవారం వార్డు సచివాలయానికి నేనే తీసుకెళ్తున్నాను. మాస్టారూ, ఆవిడ అడిగినదానికి నేనేం చెప్పను?

మంగళగిరి_మాస్టారు:
లేపరని చెప్పండి. ఆ మేడంతో నేను మాట్లాడతాను, ఏ స్కూలో నాకు విడిగా రాయండి.