యూనివర్సిటీ విద్యార్థులు మా బడికి ఏడాదంతా రావాలంటే ఎవరిని అడగాలి?

అందరికీ నమస్కారం. వర్ధన్నపేట వైపు ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో సైన్స్ చెప్తాను. హనుమకొండలో 1976 నుంచి కాకతీయ యూనివర్సిటీ ఉంది, కాజీపేట దారిలో ఎన్ఐటీ ఉంది. మా పిల్లల్లో చాలామంది వాటి గేటు కూడా చూడలేదు.

పోయినేడు ఒక కాలేజీ వాళ్లు వచ్చారు. బ్యానర్ కట్టి, ఫొటోలు దిగి, ఒక మైక్రోస్కోప్ ఇచ్చి వెళ్లారు. మొన్న తొమ్మిదో తరగతి పిల్లలకు ఉల్లిపొర చూపిద్దామంటే లెన్స్‌కి బూజు. ఫోన్ చేస్తే ఎత్తట్లేదు.

నాకు డబ్బు, వస్తువులు అక్కర్లేదు. నెలకు రెండు శనివారాలు నలుగురు ఎమ్మెస్సీ విద్యార్థులు వచ్చి పిల్లలతో ప్రయోగాలు చేయిస్తే చాలు. బస్సు చార్జీలు మేం చూసుకుంటాం, మధ్యాహ్నం భోజనం మాతోనే.

ఎన్ఎస్ఎస్ (జాతీయ సేవా పథకం) వాలంటీర్లు ఏడాదికి 120 గంటలు సేవ చేయాలి కదా, మా బడికి వచ్చిన గంటలు అందులో లెక్కకొస్తాయా? కేంద్ర ప్రభుత్వ పథకం ఉన్నత్ భారత్ అభియాన్‌లో కాలేజీలు దత్తత తీసుకునే ఊళ్లలో మాది లేకపోయినా అడగొచ్చా? లెటర్ రిజిస్ట్రార్‌కి రాయాలా, నేరుగా డిపార్ట్‌మెంట్ హెడ్‌ని కలవాలా? ముందు డీఈఓ పర్మిషన్ కావాలేమోనని మా హెచ్ఎం సారుకు టెన్షన్.

ఇలాంటిది నడిపిన టీచర్లు ఎవరైనా ఉంటే, మీరు రాసిన లెటర్ నమూనా పెట్టండి ప్లీజ్.