కాల్చిన కౌజు పిట్టలకు చైనా రుచి: మాంసం ఎండిపోతోంది

ప్రశ్న (ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం): ఫారంలో పెంచిన కౌజు పిట్టలను సోయాసాస్, తేనె, అల్లంలో రాత్రంతా నానబెట్టి, ఓవెన్‌లో 180 డిగ్రీల వద్ద 40 నిమిషాలు కాల్చగా, పైన నల్లబడి, రొమ్ము మాంసం పీచులా ఎండిపోయింది. లోపం ఎక్కడుందో చెప్పగలరా?

జవాబు: 150–200 గ్రాముల పిట్టకు అంత సేపు అక్కరలేదండీ. 220 డిగ్రీల వద్ద 15 నుంచి 18 నిమిషాలు కాల్చి, తొడ దగ్గర గుచ్చి చూడండి, ఎర్రనీరు రాకూడదు. తేనె త్వరగా మాడుతుంది కనుక చివరి ఐదు నిమిషాల్లోనే పూయండి.

మరో జవాబు: మన సముద్రపు గాలికి చర్మం ఆరదు. ఉప్పుతో పాటు అనాసపువ్వు, సోంపు, దాల్చినచెక్క, లవంగం, సిచువాన్ మిరియాల పొడి పట్టించి, మూత లేకుండా రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచితే చర్మం కాగితంలా బిగుసుకుంటుంది. అనాసపువ్వు మాత్రం తగ్గించండి. లేకుంటే బిర్యానీ వాసనే మిగులుతుంది.